చెంచాడు అనగా ఎంత?

మన యింటి వస్తువులలో గరిటెకంటె ఎక్కువగా చేతికి తగులునది మఱియొకటి కానరాదు. పొయ్యి రాజినది మొదలు వడ్డన ముగియువఱకు అది పనిచేయుచునే యుండును. అయినను దానిని గూర్చి ఆలోచించువారు అరుదు. చిన్న వస్తువు గనుక దానియందు మనకు చిన్నచూపు. కాని ఆ చిన్న వస్తువు మన భాషలో ఎన్ని పేర్లు దాల్చినదో, ఎన్ని యర్థములు సంపాదించుకొన్నదో విచారించిన వింతగా నుండును. ఆ యర్థములలో ఒకదానిని సరిగా తెలిసికొనకపోవుటచే పసిబిడ్డల ప్రాణములకే ముప్పు రాగలదు. ఆ సంగతి చెప్పుటయే ఈ ప్రసంగమునకు ముఖ్యోద్దేశము.

ముందుగా పేర్లు చూతము. ఇంగ్లీషువారు చిన్న చెంచాలకెల్ల స్పూను అను ఒక్కమాటయే చెప్పి, దానికి ముందు టీ అనియో టేబులు అనియో తగిలించి వేఱుచేయుదురు. తెలుగు గృహిణికి పనికొక పేరు కలదు. కూర కలియబెట్టుటకును పులుసు తోడుటకును గరిటె. దీనినే కొన్ని తావుల గంటె యందురు. అన్నము వడ్డించుటకు వెడల్పైన హస్తము; మనుష్యుని చేయి చేయవలసిన పనిని అది చేయుచున్నది గనుక ఆ పేరు దానికి తగియున్నది. అట్టు తిరుగవేయుటకు అట్లకాడ. కాగిన నూనెనుండి గారెలు, బూరెలు తీయుటకు చిల్లుల గరిటె. రాగిసంకటి గెలుకుటకు కొయ్యతెడ్డు. పడవ నడుపు సాధనమును గూడ మనము తెడ్డే యనుచున్నాము. ఒకటి నీటిని త్రోయును, ఒకటి పిండిని త్రోయును. త్రోయుట రెండింటికిని సమానమే. కొబ్బరిచిప్పకు కఱ్ఱ పిడి తగిలించిన అబక కూడ ఈ కుటుంబములోనిదే. దేవతార్చనలో పంచపాత్రనుండి తీర్థమిచ్చుటకు ఉద్ధరిణె. పసిబిడ్డకు పాలు పట్టుటకు ముక్కుగల ఉగ్గుగిన్నె.

చెంచా యను మాట వీనిలో కడపట వచ్చిన చుట్టము. పారసీకములోను హిందూస్తానీలోను చమ్చా అను మాట యున్నది. అది మన యింటికి వచ్చి చెంచా యయినది. మరాఠీలో చమచా, కన్నడములో చమచ అని యున్నది. చేతితో కలిపి తినెడి మనకు అన్నము తినుటకు చెంచాతో పనిలేదు. అందుచేత మన పల్లెలలో చెంచా భోజనపాత్రముగా కంటె కొలతపాత్రముగానే ఎక్కువ వాడుకకు వచ్చినది. చెంచాడు పంచదార, చెంచాడు నెయ్యి, చెంచాడు మందు అందుము. గరిటె ముఖ్యముగా తోడునది, తెడ్డు త్రోయునది, చెంచా కొలుచునది. ఈ భేదమును మఱువకుండిన యెడల మున్ముందు చెప్పబోవు విషయము సులభముగా బోధపడును.

గరిటె మొదట ఎట్టిదో భాషలే సాక్ష్యము చెప్పుచున్నవి. లాటిను భాషలో చెంచాకు కోక్లియార్ అని పేరు. నత్తగుల్లను ఆ భాషలో కోక్లియా యందురు. చెంచాపేరు దానినుండి పుట్టినది. రోమనులు ఒక చిన్న కొలతకును ఆ పేరే పెట్టిరి. మన ఆయుర్వేదమానములలో శుక్తి యనునది యొకటి కలదు. శుక్తి యనగా ముత్యపుచిప్ప. రెండు కర్షములు ఒక శుక్తి. రెండు శుక్తులు ఒక పలము. ఒండొరుల నెఱుగని వైద్యులు ఇచ్చటను అచ్చటను గుల్లనే కొలతకు పేరుగా గైకొనుట గమనింపదగినది. ఇక ఇంగ్లీషు స్పూను అను మాటకు ప్రాచీనార్థము కొయ్యపేడు. కావున నీటియొడ్డున దొరకు చిప్పయు, అడవిలో చెక్కిన కొయ్యముక్కయు గరిటెకు తల్లిదండ్రులని చెప్పవచ్చును.

మన దేశమున గరిటెకు యజ్ఞశాలలో గొప్ప స్థానముండెను. ఆజ్యము తీయు చిన్న గరిటెకు స్రువమనియు, అగ్నిలో వేల్చు పెద్ద గరిటెకు స్రుక్కనియు పేర్లు. స్రువమును చండ్రకొయ్యతోను, జుహువు అను స్రుక్కును మోదుగకొయ్యతోను, ఉపభృత్తు అనుదానిని రావికొయ్యతోను చేయవలెనని శాస్త్రము నియమించినది. ఎంత తీయవలెను, ఎన్ని మాఱులు తీయవలెను అనుటకును నియమములు కలవు. నిత్యకర్మలో ఆచమనమునకు గ్రహింపవలసిన జలమెంత యని యడిగిన పెద్దలు, మినుపగింజ మునుగునంత యని చెప్పుదురు. ఉద్ధరిణెలు ఇంటింటికి వేఱువేఱు పరిమాణములలో నుండును. మినుపగింజ యన్ననో ఎల్లయెడల ఇంచుమించు ఒక్కటే. గరిటె మాఱినను కొలత మాఱకుండుటకు పూర్వులు చేసిన యేర్పాటు ఇది. మన కథకు ఇదియే కీలకము.

మాటలలో గరిటెకు పొందికైన యర్థములు ఏర్పడినవి. వంటపని చేపట్టినవానిని గరిటె పట్టినాడందుము. వడ్డించువాడు మనవాడైన కడపంక్తిని గూర్చుండిన నేమి యను సామెతలో గరిటె అధికారమునకు గుర్తు. వేమన యోగి ఆవుపాలకును గాడిదపాలకును తారతమ్యము చెప్పునపుడు ఒకదానిని గరిటెతోను, రెండవదానిని కడవతోను కొలిచెను. చిన్ననాటినుండి అలవడిన విద్యను ఉగ్గుపాలతో అబ్బినదందుము. ఇంగ్లీషువారు కలవారింట బుట్టినవానిని నోట వెండిచెంచాతో పుట్టినాడందురు. వారు చెంచాలోహమును జూచి బిడ్డ భాగ్యమును చెప్పిరి. మనము ఉగ్గుపాలను జూచి బిడ్డ విద్యను చెప్పితిమి.

గరిటెకు ఒక నిందయు కలదు. రోజంతయు పులుసులో మునిగియుండియు దానికి పులుసు రుచి తెలియదు. పండితునిచెంత చిరకాలముండియు ధర్మమెఱుగని మూఢుని ధమ్మపదమున ఈ గరిటెతో పోల్చిరి. మహాభారతమున సభాపర్వమందును స్వబుద్ధి లేక విన్నది మాత్రమే కలవానికి ఈ యుపమానమే కనబడును. ఈ కాలమున చెంచా యను మాటకు మఱియొక నింద వచ్చి చేరినది. పెద్దపదవిలోనున్నవానిని ఆశ్రయించి, వాడు త్రిప్పినట్లు తిరుగువానిని చెంచా యనుచున్నారు. వాని నడవడికి చెంచాగిరి యని పేరు. ఇది హిందూస్తానీ వాడుకనుండి మనకు సంక్రమించినది. ప్రాచీనుల గరిటె తెలివిలేనిది. నవీనుల చెంచా తెలివిగలదే గాని వెన్నెముక లేనిది.

ఇక కొలతమాటకు వత్తము. వంటలో చెంచాడు అన్నది ఉజ్జాయింపు. ఉప్పు కొంచెము తక్కువైన మరల వేసికొందుము, ఎక్కువైన నీరు పోసి సరిచేసికొందుము. చేయితిరిగిన యిల్లాలు అసలు కొలువనే కొలువదు. ఆమె కొలత కంటిలోను వ్రేళ్లలోను ఉన్నది. దీనిలో దోషమేమియు లేదు. మందులో మాత్రము ఈ యుజ్జాయింపు పనికిరాదు. మందు ఒకమాఱు లోపలికి పోయినపిదప తీయలేము, నీరు పోసి సరిచేయలేము.

ఇంగ్లండులో తేయాకు ప్రియముగానున్న కాలమున టీ చెంచాలు చిన్నవిగా నుండెను. వైద్యులు దానిని ఒక డ్రాము, అనగా ఇప్పటి లెక్కలో మూడున్నర మిల్లీలీటర్లకు కొంచెము హెచ్చు, పట్టునదిగా ఎంచిరి. పోనుపోను చెంచాలు పెద్దవైనవి. ఇప్పుడు వైద్యశాస్త్రమున టీ చెంచా యనగా 5 మిల్లీలీటర్లు. టేబులు స్పూను అను పెద్దచెంచా 15 మిల్లీలీటర్లు, అనగా మూడు టీ చెంచాలు. ఆస్ట్రేలియాలో ఆ పెద్దచెంచాయే 20 మిల్లీలీటర్లు, అనగా నాలుగు టీ చెంచాలు. ఒకే పేరు, దేశము మాఱినంత మాత్రమున కొలత మాఱుచున్నది.

దేశముల మాట యటుండనిండు, ఇంటింటికిని మాఱుచున్నది. గ్రీసు దేశమున ఏథెన్సు ప్రాంతమునందలి 25 ఇండ్లలోని 71 టీ చెంచాలను పరిశోధకులు కొలిచి ఆ ఫలితమును 2010లో ప్రకటించిరి. అందు అతిచిన్న చెంచా రెండున్నర మిల్లీలీటర్లు పట్టెను, అతిపెద్దది 7.3 మిల్లీలీటర్లు పట్టెను. ఒక యింటి చెంచాడు మఱియొక యింట దాదాపు మూడు చెంచాలన్నమాట. మన యిండ్లలో కాఫీగ్లాసులోనిది, పచ్చడిజాడీలోనిది, పంచదారడబ్బాలోనిది అను మూడు చెంచాలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఈ భేదము మనకే తెలియగలదు. చిన్న చెంచాతో పోసిన బిడ్డకు సగము మందే యందును, జబ్బు తగ్గదు. పెద్ద చెంచాతో పోసిన ఒకటిన్నర మోతాదు పోవును. రోజునకు మూడు నాలుగు మాఱులు, వరుసగా అయిదు దినములు పోసిన ఆ తప్పు ఎంత పెరుగునో లెక్కింపుడు.

పెద్దవారికి ఈ చిక్కు కొత్తదికాదు. సోల, తవ్వ, మానిక, కుంచము ఊరూరికి వేఱుగానుండిన కాలమును గూర్చి మన పెద్దలవలన వినియున్నాము. ఆ చిక్కు తొలగించుటకే 1956లో చట్టము చేసి, 1958 అక్టోబరు నుండి మన దేశమున దశాంశ మానములను క్రమముగా ప్రవేశపెట్టిరి. ధాన్యమునకు ఒకే కొలత వచ్చినది. బిడ్డ మందునకు మాత్రము ఇంకను చాల యిండ్లలో చేతికందిన చెంచాయే కొలతగానున్నది. అమెరికాలోని పిల్లల వైద్యుల పరిషత్తు 2015లో, పిల్లల ద్రవౌషధములకు చెంచా లెక్క మాని మిల్లీలీటర్లలోనే మోతాదు వ్రాయవలెనని వైద్యులకు సూచించినది.

ఒక యుదాహరణము చెప్పెదను. జ్వరమునకు ఇచ్చు పారసిటమాల్ అను మందు మన అంగళ్లలో పిల్లలకై పలు విధముల దొరకును. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందుండును. మఱియొక సీసాలో అంతే ద్రవమునకు 250 మిల్లీగ్రాములుండును. శిశువులకై చుక్కలుగా వచ్చు చిన్నసీసాలో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుండును. వైద్యులు సామాన్యముగా బిడ్డ బరువును జూచి, కిలోగ్రామునకు ఒక మోతాదున 15 మిల్లీగ్రాములకు మించకుండ లెక్కవేయుదురు. ఆఱు కిలోగ్రాముల శిశువునకు ఆ లెక్కను 90 మిల్లీగ్రాములు. చుక్కల సీసానుండి ఇది ఒక మిల్లీలీటరునకు లోపుగానే సరిపోవును. పెద్దబిడ్డకు చెంచాడు ఇచ్చుచున్నాము గదా యని ఆ చిన్నసీసానుండి చెంచాడు పోసినచో శిశువునకు ఒక్కసారి 500 మిల్లీగ్రాములు, అనగా అయిదింతలకు పైగా పోవును. అది మరల మరల జరిగిన బిడ్డ కాలేయము చెడును. తల్లి ప్రేమలో లోపము లేదు, మందులో లోపము లేదు. చెంచా యను మాటలోనే లోపము దాగియున్నది.

కావున మందు తెచ్చినపుడు మూడు సంగతులు అడిగి తెలిసికొనవలెను. ఎన్ని మిల్లీలీటర్లు? రోజునకు ఎన్నిమాఱులు? ఎన్ని దినములు? వైద్యుడుగాని ఔషధశాలవాడుగాని ఒక చెంచా అని చెప్పినచో, అది ఎన్ని మిల్లీలీటర్లో చెప్పుమని మర్యాదగా అడుగుటకు సందేహింపరాదు. మందుసీసాతో వచ్చు గుర్తుల మూతను పాఱవేయరాదు. దానిపై 2.5, 5, 10 అని గీతలుండును. మూతను సమమైన చోటనుంచి, మన కన్ను దానికి సరియైన యెత్తునకు వంచి చూచి పోయవలెను. చేతబట్టి పైనుండి చూచిన గీత తప్పుగా కనబడును. శిశువులకు ఇయ్యవలసిన స్వల్పమోతాదునకు సూదిలేని సిరంజి మేలు. బిడ్డ బుగ్గలోపలి ప్రక్కకు కొంచెము కొంచెముగా వదలవలెను. పొడిగా వచ్చి నీరు కలుపవలసిన మందున్నచో, కాచి చల్లార్చిన నీటిని సీసాపై గీతవఱకే పోసి బాగుగా కలిపి, ప్రతిమాఱును కదిపి పోయవలెను. కదపకున్న పైన నీరును అడుగున మందును నిలుచును. మొదటి దినములలో మందు చాలదు, కడపటి దినములలో అధికమగును.

దగ్గుమందును గూర్చి ప్రత్యేకముగా ఒకమాట. రెండేండ్లలోపు బిడ్డలకు దగ్గు, జలుబు మందులు వ్రాయరాదనియు ఇయ్యరాదనియు 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖవారు హెచ్చరించిరి. అయిదేండ్లలోపువారికిని సామాన్యముగా అవి తగవని వారి సలహా. పొరుగింటి బిడ్డకు పనిచేసినదని మిగిలిన సీసా తెచ్చి చెంచాడు పోయుట ఎంతమాత్రమును కూడదు.

చెంచా కొలత ప్రాణము నిలుపు మఱియొక సందర్భము అతిసారము. నీళ్ల విరేచనములతో బిడ్డ శరీరమునందలి నీరును లవణములును బయటికి పోవును. ఆ నష్టమును వెంటనే పూరింపకున్న గంటలలో బిడ్డ వాడిపోవును. 1971లో తూర్పు బెంగాలునుండి లక్షలాది శరణార్థులు మన దేశమునకు వచ్చినపుడు, పశ్చిమ బెంగాలులోని బనగావ్ శిబిరమున కలరా చెలరేగెను. నరములలోనికి ఎక్కించు సెలైను నిండుకొనెను. అపుడు దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున కొలిచి కలిపించి, ఆ నీటిని రోగుల బంధువులచేతనే త్రాగింపజేసెను. అంతకుముందు నూటికి 30 మంది వఱకు చనిపోవుచుండగా, ఆ నీరు త్రాగినవారిలో మరణములు నూటికి నలుగురికి లోపుగా తగ్గెను. ఆ వైద్యుడు 2022లో గతించిరి. 2023లో ప్రభుత్వము వారికి మరణానంతరము పద్మవిభూషణ బిరుదము నిచ్చినది. ఈ విజయమునకు మూలము ఖరీదైన మందు కాదు. ఉప్పును తీపిని సరిగా కొలుచుటయే.

ఇంటిలో దానిని కొలుచుట యెట్లు? బంగ్లాదేశమున బ్రాక్ అను సంస్థవారు 1980 మొదలు పదియేండ్లు ఇంటింటికి పోయి తల్లులకు నేర్పిరి. చెంచాలు లేని యిండ్లు గనుక వారు వ్రేళ్లనే కొలతగా జేసికొనిరి: మూడు వ్రేళ్లతో తీసిన చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అరసేరు నీరు. నేర్పి ఊరుకొనలేదు. తల్లి కలిపిన నీటిని పరీక్షింపజేసిరి. తల్లులు ఎంతవఱకు జ్ఞాపకముంచుకొన్నారో చూచి దానినిబట్టి బోధకురాలికి జీతమిచ్చిరి. ఇట్లు ఒక కోటి ఇరువది లక్షల యిండ్లకు ఆ కొలత చేరెను. డేవిడ్ మోర్లే అను ఆంగ్లదేశపు పిల్లల వైద్యుడు ఇదే పనికి రెండు కొనలు గల చౌకచెంచాను ప్రచారము చేసెను. ఒక కొన చిన్నది, ఉప్పునకు. రెండవకొన పెద్దది, పంచదారకు. చదువు రాని తల్లియు పొరబడకుండుటకు ఆ చెంచా రూపమే పాఠముగా నుండెను.

ఇప్పుడు మనకు ఓ.ఆర్.ఎస్. పొట్లములు ఆరోగ్యకేంద్రములలోను ఆశా కార్యకర్తలవద్దను దొరకుచున్నవి. పొట్లము దొరకినపుడు అదియే శ్రేష్ఠము. దానిపై ఎంత నీరు అని వ్రాసియుండునో అంత నీటిలో పొట్లమంతయు ఒక్కసారి కలుపవలెను. లీటరు పొట్లమును గ్లాసెడు నీటిలో కలుపరాదు, సగము నేడు సగము రేపు అని విడదీయరాదు. కలిపిన నీరు ఒక దినము గడచిన పాఱబోయవలెను. పొట్లము చేతలేని రాత్రివేళ, శుభ్రమైన లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల చెంచాతో ఆఱు చెంచాల పంచదారయు, అరచెంచా మెత్తని ఉప్పును కలుపవలెను. చెంచాపై గోపురము నిలువరాదు. కత్తివీపుతో గీసి సమము చేయవలెను. కల్లుప్పు పలుకులు చెంచాలో సందులు విడిచి నిలుచును గనుక దానిని మెత్తగా నూఱిన తరువాతనే కొలువవలెను.

ఉప్పు విషయమున జాగ్రత్త అత్యంతము అవసరము. తక్కువైన పనిచేయదు, ఎక్కువైన శరీరకణములలోని నీటిని పైకి లాగి, మెదడునకు హాని చేసి, మూర్ఛలు తెప్పించును. కలిపిన నీటిని మొదట మనము రుచి చూడవలెను. అది కన్నీటికంటె ఉప్పగానుండిన పాఱబోసి మరల కలుపవలెను. రెండేండ్లలోపు బిడ్డకు ఒకటి రెండు నిమిషముల కొకసారి చెంచాడు చొప్పున పట్టవలెను. వాంతి చేసికొన్న పది నిమిషములాగి, ఇంకను మెల్లగా పట్టవలెను. ఇక్కడ చెంచా కొలతయే కాదు, ఓర్పును గూడ. గ్లాసుతో ఒక్కసారి పోసిన నీరు వాంతియై పోవును. చెంచాతో పోసినది నిలుచును. తల్లిపాలు మానిపింపరాదు. జింకు మాత్రలు వైద్యుడు చెప్పినట్లు పదునాలుగు దినములు ఇయ్యవలెను. కన్నులు గుంటలు పడినను, బిడ్డ మత్తుగా పడియుండినను, త్రాగలేకపోయినను, విరేచనములో రక్తము కనబడినను చెంచా ప్రక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. దారిలో మాత్రము, బిడ్డ మ్రింగగలిగినంతవఱకు పట్టుచునే యుండవలెను.

అన్నప్రాశనముతో చెంచాకు మఱియొక బాధ్యత వచ్చును. ఆఱు నెలలు నిండువఱకు బిడ్డకు తల్లిపాలు తప్ప నీరుగాని, తేనెగాని, ఆముదపు ఉగ్గుగాని వలదని వైద్యుల నిశ్చితాభిప్రాయము. తేనెను ఏడాది నిండువఱకు ఇయ్యరాదు. దానిలో నుండగల ఒక సూక్ష్మజీవి శిశువుల నరములకు విషము పుట్టించును. మన ఉగ్గుగిన్నెకు మాత్రము ఆసుపత్రులలో గౌరవమున్నది. నెలలు నిండక, తక్కువ బరువుతో పుట్టి రొమ్ము చీకలేని శిశువులకు తల్లిపాలు పిండి అటువంటి ముక్కుగిన్నెతోనే పట్టుచున్నారు. తమిళులు దానిని పాలాడై యందురు. పాతవస్తువు చెడ్డది కాదు. దానిలో పోయునది ఏమి, ఎప్పుడు అనునదే ముఖ్యము.

ఆఱు నెలలు నిండినపిదప పూటకు రెండు మూడు చెంచాలతో ప్రారంభించి క్రమముగా హెచ్చింపవలెను. ఆహారము ఎంత చిక్కగా నుండవలెనో చెంచాయే చెప్పును. చెంచాను వంచినపుడు జాఱిపోవు పలుచని జావలో నీరే యెక్కువ. బిడ్డ చిన్నకడుపు నిండునే గాని బలము చేరదు. చెంచాపై నిలుచునంత చిక్కగా, మెత్తగా మెదిపిన పప్పన్నము, కొంచెము నెయ్యితో పెట్టినది మేలు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి సలహాయు ఇట్టిదే.

పెద్దలకును చెంచాలెక్క ఒకటి కలదు. ఒక మనుష్యుడు దినమునకు తినదగిన ఉప్పు 5 గ్రాములకు లోపుగా నుండవలెనని అదే సంస్థ చెప్పుచున్నది. అది ఇంచుమించు ఒక సమచెంచాడు. ఇందులో అన్నములోను కూరలోను వేసినదే కాక, ఊరగాయలోనిది, అప్పడములోనిది, మజ్జిగలో కలుపుకొన్నది అన్నియు చేరియుండవలెను. ఆవకాయ ముద్దతో ప్రారంభించి మజ్జిగమిరపకాయతో ముగించు మన భోజనమున ఆ చెంచాడు ఎంతసేపు నిలుచునో ఎవరికి వారు విచారించుకొనవలెను. రక్తపుపోటు కలవారు మఱింతగా విచారింపవలెను.

ఇంతకును తేలినదేమనగా, పనిముట్టుగా గరిటె ఎన్ని రూపములైన దాల్చవచ్చును. పేరుగా ఎన్ని యర్థములైన పొందవచ్చును. అది భాషకు భాగ్యమే. కొలతగా మాత్రము దానికి ఒక్క యర్థమే యుండవలెను. ప్రతి గ్రామమున పెద్దలు చేయదగిన పని యొకటి కలదు. మీ యింట మందుమూతతో 5 మిల్లీలీటర్ల నీరు కొలిచి, ఇంటిలోని చెంచాలలో ఒక్కొక్కదానిలో పోసి చూడుడు. సరిగా అంచువఱకు పట్టిన చెంచా ఒకటి దొరకిన, దాని పిడికి ఎఱ్ఱదారము చుట్టి, మందుల పెట్టెలో వేఱుగా నుంచుడు. దొరకకున్న గుర్తుల మూతనే యుంచుడు. మీ కోడండ్రకును కూతుండ్రకును దాని సంగతి చెప్పి, ప్రక్కయింటివారికిని చూపుడు. ఇందులకు ఖర్చు లేదు, పావుగంట కాలము చాలును. అర్ధరాత్రి బిడ్డ ఒడలు కాలుచున్నపుడు, దీపపు వెలుతురున సీసా పట్టుకొన్న తల్లికి చెంచాడు అనగా ఎంత యను సందేహము కలుగరాదు.